వారంటు, బాండు, అఫిడవిట్టు

మా సాయమ్మ వదిన పోయిన వానాకాలం చనిపోయింది. పెద్దకర్మ కూడా ముగిశాక, మరణ ధ్రువపత్రం కోసం దేవరకొండ మునిసిపల్ ఆఫీసుకు నేనే వెళ్లాను. వెళ్లడానికి ఇంకెవరూ లేరు. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, నా మనవరాలి ఈడుది, మర్యాదగానే అడిగింది. "అమ్మమ్మా, ఈమె భర్త పేరు?" యాదగిరి అని చెప్పాను. యాదగిరి మా అన్న. "ఉన్నరా, చనిపోయినరా?" అని అడిగింది. వెనక నిలబడ్డవాళ్లు విసుగ్గా దగ్గడం మొదలుపెట్టారు. "తెల్వదమ్మా" అన్నాను. ఆ పిల్ల తలెత్తి నా తెల్లజుట్టు వంక చూసింది, వదిన వయసు ఎంతో చూసింది, ఇంకేమీ అడగకుండా 'లేట్' అని కొట్టేసింది. యంత్రం గుర్రుమంది. ఇంకా వెచ్చగా ఉన్న కాయితం నా చేతికి వచ్చింది. అన్న పేరు ముందు ఆ ఒక్క మాట రాసిచ్చే దిక్కు కోసం మా ఇల్లు ఎన్ని గడపలు తొక్కిందో ఆ పిల్లకు ఎట్లా తెలుస్తుంది? గోడ పక్కన బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

నేను బతుకంతా బడిలో ఇంగ్లీషు చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఒకచోట రకరకాల కాయితాల పేర్లు వచ్చేవి. వారంటు, సమన్లు, పిటిషన్, బాండు, అఫిడవిట్టు, సర్టిఫికెట్. పిల్లలు వాటిని పండ్ల పేర్లలాగా, పిట్టల పేర్లలాగా గొంతెత్తి వల్లెవేసేవాళ్లు. ఆ పాఠం వచ్చిన రోజు నల్లబల్ల వైపు తిరిగి నిలబడి, రాసిందే మళ్లీ రాస్తూ ఉండేదాన్ని. ఎందుకంటే ఆ మాటలు నేను పుస్తకంలో నేర్చుకోలేదు. బాపు వెంట అన్నను వెతుక్కుంటూ తిరిగి, కచేరీల ముందు ఎండలో నిలబడి ఒక్కొక్కటే నేర్చుకున్నాను.

మాది దేవరకొండకు కొంత దూరంలో, బండరాళ్ల నడుమ ఇరుక్కున్న చిన్న పల్లె. జొన్న, కంది, ఆముదం, అవీ వాన పడితేనే. అమ్మ నన్ను కని పోయింది. ఇంట్లో బాపును కన్న అవ్వ, బాపు, అన్న, నేను. బాపు నాగలి పట్టే రైతే కానీ, చిన్నతనంలో ఒక మౌల్వీ ఆయన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఉర్దూ నేర్పాడు. ఆ చదువు బాపును చుట్టుపక్కల పల్లెలన్నింటికీ దర్ఖాస్తులు రాసే మనిషిని చేసింది. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి మా అరుగు కింద చెప్పులు విడిచేవాళ్లు. బాపు చేతులు కడుక్కుని, తువ్వాలతో తడి లేకుండా తుడుచుకుని, అప్పుడు గానీ కాయితం ముట్టేవాడు కాదు. దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి అవ్వ సిరా నూరేది. ఆ వాసన, లోపల పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన, మూలన ఆరబోసిన ఆముదం గింజల వాసన కలిసి మా ఇంటికి ఒక సొంత వాసన ఉండేది. రాసిన కాయితం ఆరేదాకా అవ్వ దాని మీద నోటితో ఊదేది, పసిపిల్ల కంట్లో నలుసు ఊదినట్టు. "నీ రాతలతోని ఎవలి కష్టం తీరిందిరా?" అని గొణిగేది కూడా ఆమే.

ప్రతి కాయితానికీ పేరుంది, గుణముంది అని బాపు నాకు చెప్పేవాడు. "దర్ఖాస్తంటే మనం అడిగేది. హుకుంనామా అంటే ఆల్లు చెప్పేది. రశీదు అంటే ఇచ్చినమని సాచ్చెం. ముచ్చల్కా అంటే ఇగ గట్ల జెయ్యనని రాసిచ్చేది." నేను వల్లించేదాన్ని. "మనిషి పొద్దుగాల ఒకమాట అంటడు, మాపటికి ఒకమాట అంటడు. కాయితం గట్ల గాదు బిడ్డా" అనేవాడు. ఆ నమ్మకం ఆయనకు దేవుడి మీద కూడా లేదనుకుంటాను.

అన్న దారి వేరు. వాడు దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగేవాడు, తుపాకులు పట్టిన దళానికి అన్నం మూటలు మోసేవాడు. రజాకార్ల భయంతో ఊరంతా వణుకుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ముఖమంతా మసి పూసుకుని వచ్చాడు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. "బాపూ, గడిల దొర కాయితాలన్ని కుప్పవోసి అంటుపెట్టినం. ఇగ ఎవ్వడు ఎవనికి ఎట్టిచాకిరి జెయ్యాల్సిన పనిలేదు." అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. బాపు మాత్రం, "మనోల్ల రశీదులు గూడ అండ్లనే ఉంటయి గదరా" అన్నాడు. అన్న నవ్వి, "రశీదులెందుకు బాపూ, దొరే లేకపాయె" అన్నాడు. ఆ ఇద్దరూ అంత దగ్గరగా నిలబడి ఒకరినొకరు అంత అర్థం చేసుకోకపోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

పోలీసు చర్య జరిగి రజాకార్లు పారిపోయాక ఊళ్లో పండుగైంది. మిలటరీ లారీలకు మా వాళ్లు పసుపునీళ్లు చల్లారు. అన్న ఇంటికి వచ్చేశాడు. "ఇగ అయిపోయింది, సేద్యం జేసుకుంట" అన్నాడు. అంతకుముందే పెళ్లయి పుట్టింట్లో ఉన్న సాయమ్మ వదిన కేతేపల్లి నుంచి కాపురానికి వచ్చింది. ఆమె వచ్చిన కొత్తలో మా ఇంట్లో వినపడ్డంత నవ్వు అంతకుముందు లేదు, తరువాతా లేదు. వదినకు పుంటికూర పచ్చడి నూరుతూ పాడే అలవాటు. అన్న వాకిట్లో కూర్చుని ఆ పాటకు తప్పుడు తాళం వేసేవాడు, ఆమె లోపలి నుంచి పచ్చడిబండ చూపించి బెదిరించేది. ఇంతే. ఆ కాపురం గురించి నాకు తెలిసిందంతా ఇంతే.

జొన్న కోతలప్పుడు మిలటరీ మళ్లీ వచ్చింది. ఈసారి సంఘపోళ్ల కోసం. అన్న కల్లంలో ఉన్నాడు. రెక్కలు వెనక్కి కట్టి లారీ దగ్గరికి నడిపించుకుంటూ పోతుంటే బాపు తలపాగా చేత పట్టుకుని పరుగెత్తాడు. ఆ అధికారి ముందు నిలబడి, తనకొచ్చిన ఉర్దూలోకెల్లా మంచి ఉర్దూలో, మీ దగ్గర వారంటు ఉన్నదా హుజూర్ అని అడిగాడు. ఆయన బాపును కిందినుంచి పైదాకా చూసి, నీ ఉర్దూ రోజులు పోయాయి ముసలోడా, ఏమన్నా ఉంటే కచేరీలో అడుగుకో అని హిందీలో అన్నాడు. లారీ కదిలింది. అన్న వెనక్కి తిరిగి వదిన కోసం చూశాడు. ఆమె బావి దగ్గర ఉంది. పిలుపు విని ఆమె వచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది.

ఆ తరువాత కొద్ది రోజులకే మా పల్లెను ఖాళీ చేయించారు. దళాలకు అన్నం పెడుతున్నారని అనుమానం. మేము దేవరకొండలో, గుట్ట కింద ఒక అర్ర కిరాయికి తీసుకుని దిగాం. బాపు తన జీవితంలోకెల్లా అందమైన దర్ఖాస్తు రాశాడు. ఒక్క కొట్టివేత లేదు. కచేరీలో కొత్తగా వచ్చిన గుమాస్తా, మద్రాసు వైపు మనిషి, దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి వెనక్కి తోశాడు. "ఇది ఇక్కడ ఎవరూ చదవరండీ. ఇంగ్లీషులో పిటిషన్ పెట్టుకోండి." బాపు బడిపిల్లవాడిలా అడిగాడు. "పిటిషనంటే దర్ఖాస్తేనా సార్?" అవునన్నాడు గుమాస్తా. అదే మేము నేర్చుకున్న మొదటి మాట. ఇంటికి వచ్చేదారిలో బాపు దాన్ని మెల్లిగా నోట్లో తిప్పుతూనే ఉన్నాడు.

మా పక్క అర్రలో సూర్యనారాయణ పంతులుగారని, కృష్ణా జిల్లా నుంచి బడికి వచ్చిన ఇంగ్లీషు పంతులు ఉండేవారు. మెతకమనిషి. బాపు పోయి చేతులు జోడిస్తే, "అయ్యో, మీరలా నిలబడకండి, కూర్చోండి" అని చాప వేశారు. ఆ రోజు నుంచి మా పిటిషన్లు ఆయనే రాసేవారు. రాస్తూ నాకు అక్షరాలు నేర్పారు. ఆపిల్, బాల్ అంటూ నేర్పలేదు. బాపు ఒక్కో ఉర్దూ పేరు చెప్పేవాడు, పంతులుగారు దాని ఇంగ్లీషు పేరు చెప్పేవారు, నేను పలక మీద రాసేదాన్ని. ముచ్చల్కా బాండు అయింది. హలఫ్‌నామా అఫిడవిట్టు అయింది. "వారంటు లేకుండా పట్టుకెళ్లి ఉంచితే దాన్ని డిటెన్షన్ అంటారండీ. దానికైనా ఒక ఆర్డరు ఉండి తీరాలి" అన్నారొకసారి. ఉండి తీరాలి అన్న మాటను బాపు పట్టుకున్నాడు. పంతులుగారి మాటను గుళ్లో తీర్థంలా తెచ్చి అవ్వకు చెప్పాడు, వదినకు చెప్పాడు. "ఆర్డరు ఉండి తీరాలెనట. ఎక్కడనో ఉంటది. దాన్ని పట్టుకుంటే వాడు దొరుకుతడు." సాయంత్రం వేళ ఆయన కూడా పలక తీసుకుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దేవాడు. చెయ్యి కుడి నుంచి ఎడమకే పోయేది. చెరిపి మళ్లీ మొదలుపెట్టేవాడు.

వదిన రొట్టెలు చేస్తూ అంతా వినేది. ఒకరోజు పంతులుగారినే అడగబోయి, సిగ్గుపడి, నన్ను అడిగింది. "సత్తెమ్మా, గీ మాటలల్ల మనిషిని ఇంటికి తోలేది ఏది?" రిలీజ్ ఆర్డర్ అని చెప్పాను. "రిలీజాడరు" అంది. ఇంకోసారి అంది. రొట్టె పీట మీద జొన్నపిండి పరిచి, ఎట్లా రాస్తారో రాయమంది. నేను వేలితో రాశాను. తను ఆ గీతల మీద తన వేలు నడిపించింది. ఆమె నేర్చుకున్న చదువు అదొక్కటే. చాలా రోజులు ప్రతి రొట్టెకు ముందు ఆ మాట రాసి, దాని మీదే పిండిముద్ద పెట్టి కొట్టేది.

నల్లగొండ జైలుకు పోతే, ట్రాన్స్‌ఫర్ చేసినం అన్నారు. ఎక్కడికి అంటే చెప్పలేదు. ఇంకో ఊరి జైలుకు పోతే, మా దగ్గరికి ఆ పేరుతోని ఎవరూ రాలేదన్నారు. కొందరిని బాండు రాయించుకుని వదులుతున్నారని తెలిసి బాపు కచేరీకి పరుగెత్తాడు. జామీనుదారుగా నా సంతకం ముందే పెట్టి ఇస్తాను, మా వాడు దొరికిన రోజు వాడి సంతకం వాడు పెడతాడు అని బతిమాలాడు. గుమాస్తా జాలిపడి ఒక ఫారం ఇచ్చాడు. బాపు సంతకం పెట్టాడు. పైన మనిషి పేరు రాయాల్సిన చోట ఖాళీగానే ఉంది. దాని మీద రాయి బరువు పెట్టి గుమాస్తా పక్కకు జరిపాడు. మేము మళ్లీ పోయినప్పుడల్లా ఆ కాయితం ఆ రాయి కిందే ఉండేది, అంచులు పసుపెక్కుతూ. తరువాత రాయి ఉంది, కాయితం లేదు.

ఆఖరికి పంతులుగారు హైదరాబాదులో ఒక వకీలు పేరు చెప్పారు. బాపు నన్నూ తీసుకుపోయాడు, ఇంగ్లీషు వచ్చిన బిడ్డ కదా అని. వకీలు చిన్నవాడే. అంతా విని, "దీనికి ఒకటే తొవ్వ పెద్దాయనా. హెబియస్ కార్పస్ పిటిషన్ వేద్దాం" అన్నాడు. మాకు ఆ మాట తెలియదు. బాపు దానికి ఉర్దూలో ఏమంటారని అడిగాడు. "అది ఇంగ్లీషు గూడ గాదు, పాతకాలపు మాట. శరీరాన్ని తెచ్చి కోర్టు ముంగట పెట్టున్రి అని అర్థం."

బాపు నన్ను చూశాడు. మళ్లీ వకీలును చూశాడు. "శరీరమంటే... పానంతోనా, పానం లేకుంటనా?"

వకీలు కలం ఆగిపోయింది. "పానంతోనే" అన్నాడు.

"అయితే గా ముక్క గూడ అండ్ల రాయున్రి సార్. పానంతోని తెమ్మని రాయున్రి."

"చట్టంల గట్ల రాయరు పెద్దాయనా."

"ఆల్లకు తెల్వాలె గద సార్" అన్నాడు బాపు. వకీలు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. బాపు అఫిడవిట్టు మీద ఉర్దూలో సంతకం చేశాడు. అంత వంకరగా ఆయన పేరు రాయడం నేనెప్పుడూ చూడలేదు.

కోర్టులో సర్కారు వేసిన జవాబు నకలు పోస్టులో వచ్చింది. పంతులుగారు సెలవుకు వాళ్ల ఊరు పోయారు. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు తెలిసినదాన్ని నేనే. బాపు, అవ్వ, వదిన నా ఎదుట నేల మీద కూర్చున్నారు. నేను కూడబలుక్కుని చదివి, తెలిసినంత తెలుగులో చెప్పాను. సదరు యాదగిరి అనే వ్యక్తిని ఏనాడూ అదుపులోకి తీసుకోలేదు. ఆ వాక్యం తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. అదే ఉంది. అవ్వ మెల్లిగా అంది. "మరి కల్లంల నుంచి తోల్కపోయింది ఎవల్నే?" బాపు కాయితం నా చేతిలోంచి తీసుకుని, ముద్ర మీద బొటనవేలితో రుద్దాడు. అబద్ధమైతే ముద్ర చెరిగిపోతుందని అనుకున్నాడో ఏమో. అవ్వ ఆ ఎండాకాలం దాటలేదు.

పంతులుగారు తిరిగి వచ్చాక బాపు ఆయన్ను అడిగిన చివరి మాట డెత్ సర్టిఫికెట్. ఆ పేరు ఆయన ఎక్కడ విన్నాడో నాకు తెలియదు. పంతులుగారు తల వంచుకుని, "చనిపోయినట్టు రాసివ్వాలంటే వాళ్ల దగ్గర ఏదో ఒక రికార్డు ఉండాలండీ. పట్టుకోలేదని కోర్టుకే చెప్పారు. పట్టుకోని మనిషి పోయాడని ఎలా ఇస్తారు?" అన్నారు. కూర్చున్న చాప మీద బాపు వేళ్లు ఏవో అక్షరాలు గీస్తూ ఉండిపోయాయి, కుడి నుంచి ఎడమకు.

ఆ మరుసటి ఏడు కేతేపల్లి నుంచి వదిన తోడబుట్టిన అన్న వచ్చాడు. మా కులంలో మారుమనువు తప్పు కాదు. భార్య పోయిన ఒక రైతు ఉన్నాడని, మంచివాడని, వదినను చేసుకుంటానన్నాడని చెప్పాడు. అయితే కులపెద్దలు ఒక మాట అడుగుతున్నారు. మొగుడు బతికి ఉండగా మారుమనువు కుదరదు. పిల్ల మామ వచ్చి, నా కొడుకు లేడని నలుగురిలో అంటే చాలు.

"ఒక్క మాట అను మామా. అది పసిపిల్ల. దాని బతుకంత ముంగటనే ఉన్నది" అన్నాడు.

"కాయితం లేకుంట నా నోటితోని నేనెట్ల అంటనయ్యా? రేపు వాడొస్తే?"

"వస్తడా మామా?"

"రాడని రాసిచ్చినోడు ఎవడున్నడు?"

వదిన తలుపు వెనకే ఉంది. పొయ్యి మీద రొట్టె మాడి, అర్రంతా పొగ నిండింది. ఎవరూ లేవలేదు. వాళ్ల అన్న మజ్జిగ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. మాడిన పెనం ఇసుకతో తోముతూ వదిన నాతో అంది. "మామ అంటే పోయేదాన్ని సత్తెమ్మా. ఆయిననే అనకపాయె. నేనెట్ల పోత?" ఆ రైతు ఒక పంట కాలం ఆగి వేరే పెళ్లి చేసుకున్నాడని తరువాత తెలిసింది.

కాలం గడిచింది. జైళ్లలో ఉన్నవాళ్లు వచ్చారు, కొందరు నాయకులయ్యారు, కొందరు పొలాలకు పోయారు. ఏ జైలులోనూ మా అన్నను చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. మేము మళ్లీ పల్లెకు చేరాం. బాపు దర్ఖాస్తులు రాయడం మానేశాడు. ఎవరైనా చెప్పులు విడిచి అరుగెక్కితే, నాకు రాదు పొండ్రి అనేవాడు. నేను చదువుకుని పంతులమ్మనయ్యాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను. వదిన బొట్టు తుడవలేదు, మెట్టెలు తీయలేదు. పండుగపూట ముత్తైదువల వరుసలో కూర్చోబెట్టాలా వద్దా అని ఊరి ఆడవాళ్లు గుసగుసలాడటం చూసి, ఆమే వెళ్లడం మానుకుంది. ఇవాళ పుట్టిన బిడ్డకు సాయంత్రానికల్లా కాయితం వస్తుంది. చచ్చినవాళ్లకూ వస్తుంది. కాయితాలు పెరిగాయి, వాటి పేర్లు పిల్లలకు నోటికి వచ్చు. కానీ ఒక మనిషిని పట్టపగలు కల్లంలోంచి తీసుకుపోయి, తీసుకుపోలేదని చక్కటి ఇంగ్లీషులో రాసినవాళ్లను నిలబెట్టి అడిగే కాయితానికి ఏం పేరో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు బాపుకు కనీసం ఎక్కడో ఉంటుందన్న నమ్మకముంది. నాకు అదీ లేదు.

బాపు మంచం పట్టినప్పుడు నేను సెలవు పెట్టి వెళ్లాను. సేవంతా వదినదే. అప్పటికి ఆమె నలభై దాటింది. ఒక పొద్దున బాపు కళ్లు తెరిచి, నన్ను కాదు, ఆమెను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు పూడుకుపోయింది, అయినా ఒక్కొక్క మాటా తెలిసేటట్టే అన్నాడు.

"సాయమ్మా, యాదగిరి లేడు బిడ్డా. వాడు సచ్చిపోయిండు. నేను జెప్తున్న. ఎవల ముంగటనన్న జెప్త. నువ్వు పో."

వదిన ఆయన తల కింద చెయ్యి పెట్టి లేపింది. గంజి గిన్నె పెదవుల దగ్గరికి తెచ్చింది.

"ఇప్పుడెక్కడికి పోవాలె మామా?" అంది.